చుక్క పెట్టిన సున్నా

బస్టాపు దగ్గరి డబ్బా రోజూ సరిగ్గా పది గంటలకు అబద్ధమాడుతోంది.

అరచేతిలో పట్టే సెన్సరు డబ్బా అది. లోపలి చిన్న ఫ్యాను గాలిని పీలుస్తుంది. ఆ గాలిలో దుమ్మెంతో పైనున్న తెరమీద అంకె పడుతుంది. సైన్సు టీచరు తొమ్మిదో తరగతి ఆడపిల్లల చేత ఇలాంటివి ఆరు చేయించింది. వైర్లు అతికించడం దగ్గర్నుంచి గ్రాఫులు గీయడం దాకా అంతా పిల్లలే. చవకబారు డబ్బాలని తోటి టీచర్లు నవ్వినా, ఆమెకు మాత్రం అవి బంగారు తునకలు.

ఇదంతా ఒక్క కోరిక కోసం.

బడి ముందునుంచే లారీలు పోతాయి. మూడో బెంచీ పిల్లకు ఊపిరి పీలిస్తే చాలు, పిల్లికూతలు. తోటివాళ్లు ఆ పిల్లను ముద్దుగా 'కూత' అనే పిలుస్తారు. బడి వేళల్లో లారీలను పక్కదారి పట్టించమని టీచరు అర్జీ పెడితే, గాలి ఎంత చెడిందో ముందు లెక్క చూపించమన్నారు కాలుష్య కార్యాలయం వాళ్లు. సరే, చూపిద్దాం అని టీచరు పంతం పట్టింది.

ఐదు డబ్బాలు బుద్ధిగా పని చేస్తున్నాయి. బడి ఎదుటి బస్టాపు స్తంభానికి కట్టిన ఆరోది మాత్రం పదింటికల్లా నూట ఇరవై నుంచి సున్నా దగ్గరికి పడిపోతోంది. పది నిమిషాలయ్యాక ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తోంది.

"ఇది లారీల ఓనర్ల పనే టీచర్," అని పిల్లలు తేల్చేశారు.

టీచరుకూ అదే అనుమానం. మర్నాడు కూతను వెంటబెట్టుకుని వెళ్లి బస్టాపు వెనక కాపు కాసింది.

పదింటికి ఒక ముసలాయన వచ్చాడు. అరిగిన చెప్పులు, మడత నలగని చొక్కా. జేబులోంచి గుండ్రటి తెల్ల కాగితం తీసి, డబ్బా గాలి పీల్చే రంధ్రానికి అడ్డం పెట్టాడు. చేతి గడియారం చూసుకుంటూ కదలకుండా నిలబడ్డాడు.

టీచరు వెళ్లి ఏం చేస్తున్నారని నిలదీసింది.

"సున్నా చూస్తున్నానమ్మా," అన్నాడాయన, దొరికిపోయిన కంగారేమీ లేకుండా.

"మా లెక్క సున్నా చెయ్యమని ఎవరు పంపించారు మిమ్మల్ని?"

ఆయన ఏదో చెప్పబోయాడు. టీచరు చెప్పనిస్తేగా. పిల్లల ఊపిరితో ఆటలా అంది, తల నెరిసినా బుద్ధి రాలేదా అంది, ఇంకోసారి కనబడితే పోలీసులకు చెబుతానంది. నోటికి అడ్డూ ఆపూ లేకుండా కడిగేసింది. ఆయన కాగితం జేబులో పెట్టుకుని కూత వైపు తిరిగాడు.

"డబ్బా వెనకాల రాసిపెట్టాను తల్లీ. చెరపకు."

నిజమే, డబ్బా వెనక పెన్సిలు రాత. తేదీలు, వేళలు, పక్కన ఏవో అంకెలు, మొత్తం ఇరవై మూడు వరసలు. ప్రతి సున్నా నడుమ చిన్న చుక్క. పిచ్చిగీతలు, తడిగుడ్డతో తుడిచెయ్యమంది టీచరు.

తాతగారు చెరపొద్దన్నారు, టీచరు చెరపమంది. కూత ఇద్దరి మాటా కాదనలేక, అన్నీ ఉన్నవి ఉన్నట్టు, చుక్కలతో సహా నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని ఆ తర్వాతే తుడిచింది.

ముసలాయన మళ్లీ రాలేదు. అంకెలు పడిపోవడమూ ఆగింది. టీచరు వారం రోజులు ఏదో గెలిచినట్టే తిరిగింది.

రెండు నెలలకు కాలుష్య కార్యాలయం నుంచి పిలుపొచ్చింది. పిల్లలు గ్రాఫులు గోడకు అంటించి, ఏ గంటకు ఎన్ని లారీలో, అప్పుడు దుమ్మెంతో తడుముకోకుండా చెప్పారు. టీచరు గుండె ఉప్పొంగిపోయింది. అధికారిణి అంతా విని మెచ్చుకుంది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

చవక సెన్సర్లు రోజులు గడిచేకొద్దీ దారి తప్పుతాయట. శుభ్రమైన గాలికి కూడా పదో పదిహేనో చూపిస్తాయట. అందుకే వడపోత కాగితం అడ్డుపెట్టి, దుమ్ములేని గాలికి ఎంత చూపిస్తోందో రాసిపెట్టుకుని, దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలట.

"సున్నా చూడని లెక్క చెల్లదని మాకు నిబంధన ఉంది టీచర్. నేనేం చెయ్యలేను."

టీచరుకు తను ఎవర్ని తరిమేసిందో అప్పుడు అర్థమైంది.

"ఒక డబ్బాకి ఒక తాతగారు చూశారు మేడమ్," అంటూ కూత లేచింది.

నోటుపుస్తకం తెరిచి, ఆయాసంతో ఆగి ఆగి అయినా ఒక్క వరస వదలకుండా చదివింది. ఏ రోజు ఎంత తీసెయ్యాలో అక్కడికక్కడే తీసేసి చెప్పింది. అన్నీ పోయినా బస్టాపు గాలిలో దుమ్ము ఉండాల్సిన దానికి రెట్టింపే తేలింది.

అధికారిణి పుస్తకం అందుకుంది. ఆమె వేలు ఒక సున్నా మీద ఆగింది.

"ఈ చుక్క పెట్టమని నీకెవరు చెప్పారమ్మా?"

ఆ తాతగారు ఎలా రాశారో అలాగే ఎక్కించానంది కూత.

అధికారిణి తన బల్లమీది రిజిస్టరు తిప్పి చూపించింది. అందులోనూ ప్రతి సున్నాకు చుక్క. కళ్లారా చూసి రాసిన సున్నాకే చుక్క పెట్టాలి, ఊరికే నింపిన దానికి పెట్టకూడదు; ఇది ఈ ఆఫీసులో తప్ప ఇంకెక్కడా లేని అలవాటట. ఆ ఇరవై మూడు రోజుల లెక్క చాలు, బడి వేళల్లో ఆ దారిన లారీ రాకుండా ఇవాళే ఉత్తర్వు రాయిస్తానంది.

పిల్లలు కూతను చుట్టేశారు. ఎప్పుడూ వంగి నడిచే ఆ పిల్ల మెడ నిటారుగా లేచింది. టీచరుకు కళ్లనీళ్లు తిరిగాయి. పిల్లను చూస్తే గర్వం, తన నోటిని తలుచుకుంటే సిగ్గు.

"ఆయన్ని నానా మాటలూ అన్నాను మేడమ్. ఇల్లెక్కడో చెప్పండి, వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"పోయిన నెలే పోయారు టీచర్. ఈ ఆఫీసు కోసం ముప్పై ఏళ్లు రోడ్ల పక్కన నిలబడి గాలి కొలిచిన మనిషి."

అధికారిణి గోడమీద చట్రంలో ఉన్న నిబంధన వైపు చూసింది.

"సున్నా చూడని లెక్క చెల్లదని అది రాసింది ఆయనే, మీ పిల్లల లెక్క చెల్లాలనే ఆ ఇరవై మూడు రోజులూ వచ్చి ఉంటారు."