నాలుగో లైసెన్సు

"లైసెన్సులు ఖాళీ లేవు" అని తెర మీద మళ్లీ వచ్చింది. కింద వాడుతున్నవాళ్ల పేర్లున్నాయి. మొదటి పేరు రమ్యదే.

స్వరూపకు ఒళ్లు మండింది.

అడిక్‌మెట్ పక్కనున్న ఆ యూనివర్సిటీలో, భూగోళశాస్త్ర విభాగానికి మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ లైసెన్సులు నాలుగే. పరిశోధన చేసేవాళ్లు డజను మంది. ముందు తెరిచినవాళ్లకే దొరుకుతుంది. స్వరూప, రమ్య ఉండేది అశోక్‌నగర్‌లో ఒకే గదిలో. వచ్చేది ఒకే స్కూటీ మీద. అయినా స్వరూప మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని కూర్చునేసరికి రమ్య తెరిచేసి ఉంటుంది.

అదొక్కటే అయితే ఓర్చుకునేదేమో. గైడ్ సూర్యనారాయణమూర్తి గారి నోట ఎప్పుడూ రమ్య మాటే. "రమ్యను చూసి నేర్చుకోండి" అని అందరి ముందూ అనేవారు. ల్యాబ్‌లో ఎవరికి సందేహం వచ్చినా రమ్య దగ్గరికే పరుగు. స్వరూప కూడా మౌస్ పట్టడం దగ్గర్నుంచి రమ్య దగ్గరే నేర్చుకుంది. అది తలుచుకుంటే ఇంకా మంట. "నువ్వు మస్తు ఫాస్ట్ అయినవ్" అని రమ్య మెచ్చుకుంటే, ఆ మాట స్వరూపకు జాలిలా వినిపించేది.

ఢిల్లీలో సదస్సు. విభాగం నుంచి ఒక్కరికే అవకాశం. ఆ సాయంత్రంలోగా మ్యాపు ఇవ్వాలి.

మధ్యాహ్నం రమ్య లేచింది. "నారాయణగూడ పోయి ఇద్దరివీ కలర్ ప్రింట్లకు చెప్పొస్త. నాది నడుస్తుంది, జర చూస్తుండు."

మురుగు కాలువ, అదే నాలా, పొంగితే అశోక్‌నగర్‌లో ఏ వీధి మునుగుతుందో, రమ్య కంప్యూటర్ లెక్క కడుతోంది. సగం దాటింది. స్వరూప తెర మీద మాత్రం అదే మాట: ఖాళీ లేవు.

ఆమె కరుణాకర్‌కు ఫోన్ చేసింది. లైసెన్సుల బాధ్యత అతనిది. ఎవరైనా తెరిచి ఊరికే వదిలేసి పోతే, వెనక్కి తీసుకుని, ఎదురుచూస్తున్నవాళ్లకు ఇస్తాడు.

"రమ్య తెరిచిపెట్టి బయటికి పోయింది. అది నాకియ్యి."

"ఏమన్న నడుస్తుందా అక్కా? జర చూసి చెప్పు. మధ్యల తీస్తే చేసిందంత పోతది."

స్వరూప చూసింది. తెర మీద పచ్చగీత మెల్లగా ముందుకు జరుగుతోంది.

"ఏం నడుస్తలేదు."

పచ్చగీత ఆగిపోయింది. స్వరూపకు లైసెన్సు దొరికింది. ముషీరాబాద్ పాత బావుల మ్యాపు తల ఎత్తకుండా పూర్తి చేసింది.

తిరిగొచ్చిన రమ్య ఇంకో లైసెన్సు ఖాళీ అయ్యేదాకా ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది కానీ సాయంత్రానికి అవలేదు.

"మీ నుంచి ఇది ఊహించలేదు రమ్యా" అన్నారు మూర్తిగారు, అందరి ముందూ. స్వరూప పేరు ఢిల్లీకి ఖాయమైంది. చాలా రోజుల తర్వాత స్వరూపకు టీ రుచిగా అనిపించింది.

గదికి వచ్చాక రమ్య అటక మీది సూట్‌కేసు దించింది. దించిన చేత్తోనే స్వరూప చీరలు మడతపెట్టి సర్దసాగింది. "ఢిల్లీల చలి ఉంటది" అంటూ తన స్వెట్టర్ కూడా పెట్టింది.

స్వరూప తట్టుకోలేకపోయింది. "నీ పని నేనే ఆపిచ్చిన."

"ఎర్కనే. కరుణాకరన్న చెప్పిండు."

ఆ నిదానం చూసి కూడా స్వరూపకు కుళ్లే పుట్టింది. తనైతే ఇలా ఉండగలదా?

"మరి సార్‌కు ఎందుకు చెప్పలే?" అని గద్దించింది.

రమ్య సూట్‌కేసు మూసి, తలెత్తింది.

"నేను కడుపుల పడంగనే నీ చదువు ఆపేసిండ్రు గద అమ్మా, అప్పుడు నువ్వు ఎవ్వరికి చెప్పినవ్?"