నిదానంగా పోయే విమానం

"ఇంకొంచెం నిదానంగా పొయ్యే ఫ్లైట్ లేదా జగదీశప్పా?" అని అడిగింది సౌభాగ్య.

జగదీశ్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. సిరుగుప్ప బస్టాండు ఎదుట టికెట్ల అంగడి పెట్టినప్పటి నుంచి ఇలాంటి బేరం తగల్లేదు. అరగంటగా ఆమె ఏదీ తేల్చదు, లేచి పోదు.

"దుబాయ్ నుంచి హైదరాబాదుకు రెండున్నర వేల కిలోమీటర్లక్కా. ఏది ఎక్కినా మూడున్నర గంటలే. మెల్లగా తోలమనేదానికి ఎడ్లబండా అది?"

"మూడున్నరేనా?" ఆమె ముఖం వాడిపోయింది. "మా ఇంటాయన ఎనిమిదిన్నరకు ఎక్కి ఒంటిగంటన్నరకు దిగుతాడంటివే. ఐదు గంటలు గదా."

"ఎక్కేది వాళ్ల టైము, దిగేది మన టైము. వాళ్ల ఎనిమిదిన్నరంటే మనకు పది."

సౌభాగ్యకు ఏడుపొచ్చినంత పనైంది. అది చూసి జగదీశే మెత్తబడ్డాడు.

"గంటలు జాస్తి కావాలంటే బొంబాయిలో దిగి ఎక్కేది ఉండాది. రేటూ తక్కువ. దిగినప్పుడు అన్న నీతో ఫోన్లో మాట్లాడుకోవచ్చు."

"వద్దప్పా. సీదా వచ్చేదే చూడు."

అంతలో ఆమె ఫోను మోగింది. భర్త నాగరాజ్, వీడియో కాల్. ఉలిక్కిపడి ఎత్తింది.

"యాడుండావు?"

"టికెట్ అంగడిలో."

"తిప్పి చూపించు." ఆమె తిప్పింది. జగదీశ్ నమస్కారం పెట్టాడు. "హేమ యాడుండాది?"

"ఆఫీసులో."

"దానికీ చేస్తా," అని పెట్టేశాడు.

"అన్నకు మీరంటే ఎంత ప్రేమక్కా," అన్నాడు జగదీశ్.

"గంటకు నాలుగు తూర్లు చేస్తాడప్పా. ఎత్తకపోతే వాళ్ల చెల్లెలిని మా ఇంటికి తోలుతాడు."

"ఆ చెల్లెలి కొడుక్కే గదా మీ పాప హేమను ఇచ్చేది?"

"మాటిచ్చేసినాడు. ఆయప్ప వచ్చిన మర్నాడే తాంబూలాలు." శుభవార్త చెబుతున్నట్టు లేదు ఆమె గొంతు. గోడ మీది క్యాలెండరు వైపు చూసి, "గురువారానికి చెయ్యి. పదకొండుకు మంచి ముహూర్తం ఉండాది," అంది.

"విమానానికి కూడా ముహూర్తమా? పదకొండుకు అన్న ఆకాశంలో ఉంటాడు గదక్కా."

"ఉండనీలే."

ఇక వాదించే ఓపిక లేక జగదీశ్ టికెట్ తీసి చేతిలో పెట్టాడు. పెండ్లాన్ని ఇంత సతాయించే మొగుడికి ఇంత చాదస్తపు పెండ్లాం తగినదే అనుకున్నాడు.

సౌభాగ్య బస్టాండు మూలకు పోయి కూతురికి ఫోన్ చేసింది.

"హేమా, గురువారం పది నుంచి ఒంటిగంటన్నర దాకా మీ నాయన ఫోన్ పనిచేయదు," అంది మెల్లగా. చేతిలోని టికెట్‌ను మడిచి కొంగున ముడేసుకుంది.

"ఆ లోపల నీకు నచ్చినోని చేత తాళి కట్టించుకో."