పరాయివాళ్ల మీద అర్జీ

ఒరిస్సా కూలీలని పేటలోంచి ఖాళీ చేయించాలని కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్సుకి అర్జీ పట్టుకెళ్లినాయన్ని పేటంతా ఆమోసు అని పిలుస్తుంది.

రెండువేల ఆరు. బెజవాడ క్రీస్తురాజపురంలో పాత పెంకుటిళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు లేపుతున్నారు. ఇటుకలు మొయ్యడానికి రాయగడ వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే దిగాయి. కుళాయి దగ్గర వాళ్లే. పెద్దాసుపత్రిలో చీటీల దగ్గరా వాళ్లే.

"ఊరు కానివాళ్లంతా వచ్చి మేసిపోతే సర్కారు దగ్గర ఏం మిగులుద్దండీ? రేపు మా చెల్లెలి పింఛను ఎవరిస్తారు?" అని ఆమోసు కనిపించినవాళ్లనల్లా నిలదీసేవాడు.

దిగులు నిజమైనదే. ఆయనా, చెల్లెలు రూతూ ఆ పింఛను మీదే బతుకుతున్నారు.

రూతు భర్త జక్కయ్య కొండపల్లి అవతల ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. తొంభై ఆరులో అక్కడ బాయిలరు పేలింది. మనిషి ఆనవాలు తెలియలేదు. నడుముకున్న ఇత్తడి టోకెను మీద నంబరు చూసి, పెట్టెకి మేకులు కొట్టి రూతుకి అప్పగించారు. సొంతూరు కూచిపూడి వైపు. అంతదూరం ఎందుకని బెజవాడలోనే పూడ్చి, ఇక్కడే గది అద్దెకి తీసుకుంది. ఎవరో ఒకరు తోడుండాలి కదా, అన్న వచ్చి ఉండిపోయాడు.

డ్యూటీలో పోయిన కార్మికుడి భార్యగా ఆమెకి నెలనెలా పింఛను వస్తుంది. మళ్లీ పెళ్లి చేసుకోలేదని ఏటా ఆఫీసుకెళ్లి సంతకం పెట్టి రావాలి. పెట్టి వస్తుంది. అందులో అబద్ధం లేదు.

ఆమోసు పనికి వెళ్లడు, నడుం నొప్పి. ఆయనకి రేషను కార్డు కూడా లేదు. పరాయివాళ్లకి ఇచ్చే గవర్నమెంటు పక్కా లోకల్ వాడికి ఇవ్వదని తిడుతూ ఉంటాడు. కార్డుకి మాత్రం ఎప్పుడూ దరఖాస్తు పెట్టుకోలేదు. ఒకసారి జక్కయ్య జ్ఞాపకార్థ ప్రార్థనలో ఫాదర్ గారు చనిపోయినవాణ్ని కష్టజీవి అని మెచ్చుకుంటే, మరీ అంత కష్టపడే మనిషి కాదులెండి అన్నాడు. పోయినవాళ్ల గురించి ఆ మాటేమిటని పక్కింటి మార్త నొచ్చుకుంది.

పరాయివాళ్ల మోసాల గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ ఫ్యాక్టరీలో స్థానికులకే పనివ్వాలని ఒప్పందం ఉండేదట. అయినా ఒరిస్సా వాళ్లు మనవాళ్ల టోకెన్లు సగం జీతానికి అద్దెకి తీసుకుని లోపలికి దూరేవాళ్లట. మనవాళ్లు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చేదట.

అక్టోబరు ఆఖర్లో సుభద్ర అనే మనిషి రాయగడ నుంచి వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. చేతిలో భర్త ఫొటో. కొండపల్లి దగ్గర ఫ్యాక్టరీలో పనికని వచ్చాడు, తొంభై ఆరు నుంచి కబురు లేదు. కొండపల్లిలో అడిగింది, ఇబ్రహీంపట్నంలో అడిగింది. ఆ ఫ్యాక్టరీ మనిషి భార్య ఇక్కడుందని ఎవరో చెబితే వచ్చింది. సరిహద్దు మనిషి కాబట్టి తెలుగు వచ్చు.

రూతు ఫొటో అందుకుంది. తిరిగివ్వడానికి చాలాసేపు పట్టింది.

"పిల్లల్ని సాకలేక పింఛను అడిగానమ్మా. పోయాడని రుజువు లేదు కదా, మొగుడు బతికున్నట్టే లెక్కన్నారు. బతికున్నవాడి పెళ్లానికి పింఛను ఎట్లా ఇస్తారంట?" అంది సుభద్ర.

"న్యాయంగానే అన్నారు" అన్నాడు ఆమోసు, గుమ్మంలోంచి.

రూతు ఎక్కడ దిగావని సుభద్రని అడిగి గుర్తు పెట్టుకుంది. ఆమోసుకి అది పట్టలేదు. వచ్చే సోమవారం మళ్లీ ఇవ్వబోయే అర్జీ మీద మార్త చేత కూడా సంతకం పెట్టించే పనిలో ఉన్నాడు.

నవంబరు రెండు, సమాధుల పండుగ. సమాధులన్నిటికీ సున్నాలు కొట్టారు. బంతిపూలు, కొవ్వొత్తులతో పేటంతా అక్కడే ఉంది. ఫాదర్ గారు ఒక్కో సమాధి దగ్గరా ఆగి తీర్థం చల్లుకుంటూ వస్తున్నారు. ఆమోసు జక్కయ్య సమాధి మీద పూలు సర్ది, దాని గట్టు మీదే చతికిలబడి కళ్లు మూసుకున్నాడు. ఏటా అంతే, అందరికంటే భక్తిగా ఉంటాడు.

రూతు సుభద్రని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆమోసు కళ్లు తెరిచి విసుక్కున్నాడు. ఈవిడకి ఇక్కడేం పని, పేటవాళ్లు చూస్తే అర్జీకి ఏం విలువ ఉంటుందన్నాడు.

ఇప్పుడు నోరు తెరిస్తే ఇక పింఛను ఉండదని, పోలీసులు కూడా రావచ్చని రూతుకి తెలుసు. భయం వేసింది. అయినా ఫాదర్ గారు దగ్గరికి వచ్చేదాకా ఆగింది.

అప్పుడు వెలిగించిన కొవ్వొత్తి సుభద్ర చేతిలో పెట్టి, పేట మొత్తానికీ వినబడేలా, "లేవండి జక్కయ్య గారూ, మీరు కూర్చున్నది ఈవిడ భర్త సమాధి మీద" అంది.