నెలకోసారి ఫోను

బడి చదువు ముగించిన పిల్లల్ని కూడా ఏడాదిపాటు వదలకూడదన్నది వాళ్ళకు పనులు చూపించే నా ఉద్యోగంలో నియమం. నెలకోసారి ఫోన్ చేసి, పనిలో నిలిచారో లేదో కనుక్కోవాలి.

కోర్డెల్ అనే కుర్రాణ్ణి బతిమాలీ బెదిరించీ పన్నెండో తరగతి గట్టెక్కించింది నేనే. మెంఫిస్ నగరంలో గోదాము పని చూపించిందీ నేనే. తల్లీకొడుకులు మా ఊరు క్లార్క్స్‌డేల్ వదిలి అక్కడికే మకాం మార్చారు.

ఫోనెత్తేది మాత్రం ఎప్పుడూ తల్లే.

"డ్యూటీకెళ్ళాడు మేడమ్. వానొచ్చినా ఆగడు. బస్సు రాకపోతే నడిచైనా టైముకి చేరాలని మీరు చెప్పారట కదా!"

"ఒక్కసారి వాడితో మాట్లాడించమ్మా."

"పనిలో ఫోన్ పట్టుకోవద్దన్నదీ మీరేగా!" అని నవ్వేది. నా పాఠాలు ఇంత బాగా ఒంటబట్టినందుకు మురిసిపోయేదాన్ని.

అక్టోబరులో కొత్త పిల్లలకు ఆ గోదాము చూపించడానికి తీసుకెళ్ళాను. మా కోర్డెల్‌ని పిలవండని గొప్పగా అడిగాను. సూపర్‌వైజర్ నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"మీకు తెలీదా మేడమ్? చేరిన వారానికే పోయాడు. గాలివానకు బస్సులు ఆగిపోతే, హైవే వెంట నడిచొస్తుంటే లారీ గుద్దేసింది. ఆ పూట మానేసినా ఏమీ అనేవాళ్ళం కాదు."

నెల తిరిగింది. ఫోన్ చేశాను.

"డ్యూటీకెళ్ళాడు మేడమ్."

ఈసారి వాడితో మాట్లాడించమనలేదు. "టైముకే వెళ్తున్నాడా అమ్మా?"

నాకు తెలిసిపోయిందని ఆవిడకు అర్థమైంది.

"ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు," అంది. తర్వాత మెల్లగా, "వచ్చే నెల కూడా చేస్తారు కదూ? వాడు ఇంకా ఉన్నట్టు అడిగేది మీరొక్కరే."