వెనక అద్దం

క్షవరం అయిపోవచ్చింది. మాస్టారి మెడ వెనక, పోయిన నెల ఆవగింజంత ఉన్న నల్లమచ్చ ఇప్పుడు శనగగింజంతయింది. బార్బరు సొంత అన్నని మింగింది ఇలాంటి మచ్చే. చెబుదామని నోరు తెరిచాడు.

ఈలోగా మాస్టారే మొహమాటంగా అన్నారు: "ఏమీ అనుకోకోయ్. ఇన్నేళ్లూ నీ చేతికిందే తల వంచాను. ఇక రాను. నీ చేతివణుకు మా ఇంట్లో నవ్వులాటైపోయింది. జుట్టు పెంచేసుకుంటాను."

"అయ్యో, ఎందుకనుకుంటాను మాస్టారూ! పెంచండి. మెడ కప్పేదాకా పెంచండి. దొరలా ఉంటారు."

ఎప్పటిలాగే తల వెనక చిన్న అద్దం పట్టి చూపించాడు. మచ్చ మాత్రం అందులో పడకుండా, కాస్త పక్కకి వంచి పట్టుకున్నాడు.

"భేష్! ఇవాళ నీ చెయ్యి అస్సలు వణకలేదోయ్," అన్నారు మాస్టారు.