కురొతాని యువజన సంఘం

సోమవారం ఊరు విడిచిపోతున్న సంగతి మికియో ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా తోమె అత్త ఆ నోట్లో ఏదో ఒకటి పెడుతోంది.

“తినరా, ఎదిగే పిల్లాడివి,” అంది ఇప్పుడు కూడా, కాల్చిన చిలగడదుంప చేతిలో పెడుతూ.

ఊరి సమావేశాల గదిలో కిరోసిన్ హీటరు చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. తోమె అత్త, ఊరిపెద్ద గెంజో, మికియో. పట్నం నుంచి వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు.

సుస్థిరాభివృద్ధి మీద ప్రపంచ సదస్సు ఒకటి ఈసారి వాళ్ళ పట్నంలో జరగబోతోంది. అభివృద్ధి అనేది సర్కారు ఒక్కదానివల్ల అయ్యే పని కాదనీ, యువతనూ ఊరి సంఘాలనూ కలుపుకోవాలనీ పెద్దలు తీర్మానించారు. అందుకని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు కొండల్లో ఊరూరా తిరుగుతున్నారు. ఏ ఊరి యువత ‘మేమిక్కడే ఉండి ఊరిని నిలబెడతాం’ అని మాటిస్తే ఆ ఊరిని పథకంలోకి తీసుకుంటారు. అప్పుడు కొండ మీదికి వచ్చే చిన్న బస్సు ఆగిపోదు. లేదంటే వచ్చే వసంతం నుంచి తోమె అత్త ఆసుపత్రికి నడిచే వెళ్ళాలి.

“యువజన సంఘం ఉందా అని ఫోన్లో అడిగారు. లేకేం, నిక్షేపంలా ఉందన్నాను,” అన్నాడు గెంజో.

అబద్ధమేమీ కాదు. కురొతానిలో యువజన సంఘం ఉంది. అందులో మికియో ఉన్నాడు. తనకంటే చిన్నవాడు వచ్చి చేరితే తప్ప సంఘంలోంచి తప్పుకోకూడదని వాళ్ళ కట్టుబాటు. మికియో తర్వాత ఎవరూ చేరలేదు. కాబట్టి జాతరలో డప్పు అతనే కొట్టాలి. కాలువ పూడిక అతనే తీయాలి. అడవిపందులు రాకుండా కంచె అతనే కట్టాలి. మంచు కురిస్తే దాన్ని తోయడానికి అందరి ఇళ్ళ కప్పులూ అతనే ఎక్కాలి. పోయిన చలికాలం తోమె అత్త ఇంటి కప్పు మీంచి జారిపడ్డాడు. ఎవరికీ చెప్పకుండా, కుంటుతున్నది కనబడకుండా కొన్నాళ్ళు దొడ్డిదారిన తిరిగాడు.

“నీ వయసులో నేను బియ్యం బస్తా భుజానేసుకుని ఈ కొండెక్కేవాణ్ణి,” అన్నాడు గెంజో. “నువ్వేమో నాలుగు మాటలు చెప్పడానికే చెమటలు కక్కుతున్నావు. ఏదీ, మళ్ళీ చెప్పు.”

మికియో తలకు చుట్టుకున్న తువ్వాలు సర్దుకున్నాడు. “ఈ ఊరి యువత తరఫున మాటిస్తున్నాను. మేము ఎక్కడికీ...”

ఆగిపోయాడు. పొద్దుట్నుంచీ అక్కడే ఆగుతున్నాడు.

“ఎక్కడికీ పోము. ఆ ఒక్క ముక్కకీ నోరు తిరగట్లేదా?”

మికియోకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“బాబాయ్, నేను సోమవారం పట్నం వెళ్ళిపోతున్నాను. అక్కడ గది కుదిరింది.”

తోమె అత్త దుంప ఒలవడం ఆపింది. గెంజో హీటరు మంట తగ్గించాడు.

“పట్నంలో ఏముందిరా?”

“వేళకి అన్నం పెడతారు. చుట్టూ మనుషులుంటారు.”

“మేం మనుషులం కామా? ఆలు లేదు, బిడ్డ లేడు, నిన్ను పొమ్మని పోరేవాళ్ళెవరున్నారు? చంకనేసుకుని తిప్పాను నిన్ను. ఏరు దాటి తెప్ప తగలేస్తావా?”

మికియో తల వంచుకున్నాడు. అనవలసిన మాటే అన్నాడు గెంజో. ఈ గదిలోనే వీళ్ళంతా తనకు డప్పు నేర్పారు. అమ్మ పోయినప్పుడు వంతులేసుకుని తన పక్కన కూర్చున్నారు. ఇప్పుడు వీళ్ళ కప్పుల మీది మంచు ఎవరు తోస్తారు? ఆ ఆలోచన అతన్ని కొన్నాళ్ళుగా తినేస్తోంది. అయినా ఆ గదికి ఒప్పుకున్నాడు. అది ద్రోహమేనని అతనికి తెలుసు.

“పోనీలేరా గెంజో,” అంది తోమె అత్త. “కుర్రకారు ఈ కొండల్లో ఎప్పుడు నిలిచారు గనక? నా కొడుకులు నిలిచారా, నీ కూతుళ్ళు నిలిచారా? వీడే కాస్త ఆలస్యంగా పోతున్నాడు.” మికియో వైపు తిరిగింది. “నీకో పిల్లని చూద్దామనుకున్నానురా. నాకే కుదరలేదు.”

తిట్టినా బాగుండేది. మికియోకి ఏడుపొచ్చింది.

గెంజో గొంతు తగ్గించాడు. “సరే, వెళ్ళు. ఇవాళ మాత్రం ఉంటానని చెప్పు. బస్సు ఖాయమయ్యాక నీ ఇష్టం. ముసలాళ్ళం, ఇదొక్కటే అడుగుతున్నాం.”

బయట కారు ఆగింది. సంస్థ అమ్మాయి బూట్లు గుమ్మంలో విడిచి లోపలికి వచ్చింది. నడుం వంచి ముగ్గురికీ నమస్కరించి, బల్ల మీద చిన్న రికార్డరు పెట్టింది.

“కురొతానిలో యువత ఉందంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదండీ,” అంది నవ్వుతూ. “నేను పందెం కాసి మరీ వచ్చాను.”

మికియో ఆ నవ్వు వంక చూశాడు. అబద్ధమాడితే ఈ పిల్ల దాన్ని నమ్మి ప్రపంచానికంతా చాటుతుంది. నిజం చెబితే తోమె అత్త కొండ దిగి నడవాలి.

గెంజో అతన్ని మోచేత్తో పొడిచాడు.

ఆ అమ్మాయి ముగ్గురి వంకా చూసింది. తర్వాత తలుపు వంక చూసింది.

“యువజన సంఘం వాళ్ళు పొలం నుంచి వస్తున్నారాండీ?”

“సంఘమంటే నేనేనమ్మా,” అన్నాడు మికియో తల నేలకు ఆనించి, “కానీ ఎక్కడికీ పోనని మాటివ్వలేను, డెబ్భై మూడేళ్ళొచ్చాయి, సోమవారం మీ పట్నంలో వృద్ధాశ్రమంలో చేరుతున్నాను.”