తాళం మరిచిన రోజు

“పాలు పొయ్యి మీద పెట్టి ఎవరైనా పేపరు చదువుతారటండీ?” మాడిన గిన్నెను సింకులో పడేసింది పెర్సిస్.

“గిన్నె మాడితే తోమితే పోతుంది. దానికింత రభసా?” పేపరు మడవకుండానే అన్నాడు దేవదానం.

“తోమేదెవరు? పనమ్మాయి మానేసి నెలైంది. నా నడుం సంగతి మీకు పట్టదు.”

వెనక వసారాలో కూర్చున్న చెంచమ్మ గోడకి మరింత ఒదిగింది. కైకలూరు అవతల జగ్గారావు రొయ్యల చెరువు మీంచి పారిపోయి, మూడు రోజుల కిందట ఏలూరులో చర్చి సంఘపెద్ద దేవదానం ఇంటి తలుపు తట్టిందామె. చెరువు కాపలా కాస్తున్న మొగుణ్ణి పాము కాటేసింది. అతను పోయాడు గానీ అతను తీసుకున్న అడ్వాన్సు పోలేదు. ఆరేళ్లు ఆమెకి కూలి లేదు, గట్టు దిగే వీల్లేదు. “పోకుండా నా దగ్గరుంటుందిలే” అని జగ్గారావు ఆమె ఆధార్ కార్డు బీరువాలో పెట్టుకున్నాడు. ఆ బీరువాకి అతను తాళం మరిచిన రోజే ఆమె కార్డు తీసుకుని పరిగెత్తింది.

లోపల గొడవ గిన్నె మీంచి ఆమె మీదికి మళ్లింది.

“జగ్గారావు గారి మనుషులు చర్చి దగ్గర ఆరా తీస్తున్నారు. చర్చికి స్లాబు వేయించింది ఆయనే. బైబిల్లో పౌలంతటివాడే పారిపోయి వచ్చిన దాసుణ్ణి యజమాని దగ్గరికి తిరిగి పంపాడు,” అన్నాడు దేవదానం.

“దాసుడిలా కాదు, తమ్ముడిలా చూసుకోమని ఉత్తరం రాసి మరీ పంపాడు. ఆ ముక్క మింగేస్తారేం? పారిపోయి వచ్చినవాణ్ణి పట్టివ్వొద్దని మోషే ధర్మశాస్త్రంలో లేదూ?”

“అధికారులకి లోబడమని కూడా ఉంది.”

“రొయ్యల చెరువాయన అధికారెప్పుడయ్యాడండీ? ఐగుప్తు బానిసచెర నుంచి దేవుడు జనాన్ని విడిపించాడని ఆదివారం ఏ మొహంతో చెబుతారు?”

దేవదానం పేపరు మడిచి, చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు.

చెంచమ్మ కళ్లు తుడుచుకుంది. తనకోసం ఎవరూ ఇంతసేపు వాదించలేదు. పొద్దున పెర్సిస్, “ఆర్డీవో ఆఫీసులో అర్జీ ఇస్తే వెట్టి నుంచి విడుదల పత్రం ఇస్తారే, నీ కార్డు జిరాక్సు తీయించాలి” అనగానే, రొంటిన దోపుకున్న కార్డు తీసి ఇచ్చేసింది. ఆ పత్రం చేతికొస్తే ఎవరికీ భయపడకుండా కామవరపుకోటలో అక్క దగ్గరికి వెళ్లిపోవచ్చు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర దేవదానం గొంతు సవరించుకున్నాడు.

“నువ్వు ఇక్కడ లేవని జగ్గారావు గారి మనుషులకి చెప్పేశాను. నిన్నెవరికీ అప్పగించం.”

చెంచమ్మ గడప అవతలి నుంచే చేతులు జోడించింది.

“ఆఫీసుకి రేపు ఎన్నింటికి వెళ్దాం అమ్మగారూ?”

“ఇంక ఆఫీసెందుకే? ఇక్కడే ఉంటావు, మేం తిన్నదే తింటావు.” పెర్సిస్ చల్లగా నవ్వి, సింకులోని గిన్నె వైపు చూపించింది. “తిన్నాక అది కాస్త తోము.”

“మరి నా కార్డు?”

“పోకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.”